సాంచెల పాటను ఆపిన చేయి

గత వేసవిలో జగిత్యాలలో మూడు రోజుల సంగీతోత్సవం జరిగింది. రెండవ రోజు సాయంత్రానికి నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. పదవీ విరమణ చేసిన తెలుగు పండితుడికి రాక్ బృందాల సభలో ఏమి పని అని నేనే అడిగాను. నిర్వాహకుడు ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడు. నవ్వి, "మీరు కూసుంటే సభకు బరువస్తది సార్. పొగడమంట లేను. తిట్టకుంటె చాలు" అన్నాడు. తిట్టనని మాట ఇచ్చాను. ఆ మాటను అక్షరాలా నిలబెట్టుకున్నాను కూడా. నేను చేసిన పని తిట్టుకంటె హీనమైనది.

ఒప్పుకొనడానికి అసలు కారణం వేరు. ఆ సాయంత్రం వాయించే నాలుగు బృందాలలో ఒకదానికి డ్రమ్స్ వాయించేవాడు నా తమ్ముడి కొడుకు. ముప్పై రెండేళ్ల వాడు. సిరిసిల్లలో పగటి షిఫ్టున ఎనిమిది సాంచెలు నడుపుతాడు. మరమగ్గాన్ని మా ఊరి నేత పనివారు సాంచె అంటారు. ఆదివారాలు కోరుట్లకు పోయి, ఫ్లెక్సీలు ముద్రించే మిత్రుడి దుకాణం మీది గదిలో సాధన చేస్తాడు. ఆ మిత్రుడు గిటారు వాయిస్తాడు. బేస్ గిటారు వాయించేవాడు మల్లాపూర్‌లో ట్రాక్టర్ల మెకానిక్కు. పాడే అమ్మాయి గొల్లపల్లి కూలీల బిడ్డ. చిన్ననాటినుండి చర్చిలో పాడి గొంతుకు పదును పెట్టుకున్నది. జగిత్యాలలో ఒక ఆసుపత్రిలో నర్సుగా పని చేస్తుంది.

ఉత్సవానికి పదిహేను రోజుల ముందు నా తమ్ముడి కొడుకు మా ఇంటికి వచ్చాడు. వస్తూనే అరుగు మీద కూలబడి, చొక్కా కొసతో ముఖం తుడుచుకున్నాడు.

"పెద్దబాపూ, నువ్వస్తున్నవట గద?"

"వస్తున్నాను. మీ పాటలు నాకు అర్థమవుతాయా?"

"అర్థం గాకున్న తలకాయ ఊపు. మీ కవిసమ్మేళనాలల్ల అందరు గదే జేస్తరు గద."

నేను నవ్వాను. అతడు నవ్వలేదు. "ఒక్కటే మాట. ముందటి వరుసల కూసో. మూడో పాట అయ్యేదాంక లెవ్వకు. పట్నంకెల్లి ఒకాయన వస్తున్నడు. నాలుగు బృందాలల్ల ఒకదాన్ని ఏరుకోని వానకాలం పది ఊర్లు తిప్పుతడట. మమ్ముల ఏరుకుంటే సాంచెలు బంద్ వెడ్త. లేకుంటే భీవండి పోత. మా బామ్మర్ది ఆడ పని సూసిండు."

"మహారాష్ట్రకు పోయినా, భీవండిలోనూ సాంచెలే కదా."

"అవ్, సాంచెలే. గని కోరుట్ల ఉండదు గద ఆడ."

అతడి జీవితంలో ఏది దేనిమీద ఆధారపడి ఉన్నదో ఆనాడే నాకు స్పష్టంగా చెప్పాడు. తెలియక చేశానని చెప్పుకొనే అవకాశం నాకు లేదు.

నేనూ సిరిసిల్లలోనే పుట్టాను. మా బాపు మొదట చేతిమగ్గం నేసి, తరువాత పరుల సాంచెల మీద కూలికి నిలబడ్డాడు. నాకు చదువు అబ్బినది. సంస్కృతం, ప్రబంధాలు, ఛందస్సు అంటూ నేను ఊరు దాటి పోయాను. నేను నిలబడవలసిన చోట నా తమ్ముడు నిలబడ్డాడు. సాంచెల షెడ్డులో మాట వినబడదు. పది, పదిహేను సాంచెలు ఒక్కసారి ఆడుతుంటే పక్కనివాడు అరచినా గాలే. అందుచేత అక్కడివారికి రెండు విద్యలు అబ్బుతాయి. ఒకటి, ఎదుటివాడి పెదవుల కదలికను చూచి మాట గ్రహించడం. రెండవది, చేతుల సైగలు. అరచేయి ఎదుటివాడి వైపు తిప్పి, అయిదు వేళ్లు విప్పి పైకెత్తితే, "ఆపు, పోగులు తెగుతున్నాయి" అని అర్థం. ఆ సైగను ఒక్క క్షణం ఉపేక్షిస్తే గజాల కొద్దీ గుడ్డ చెడిపోతుంది. కనుక చేయి ఎత్తినది ఆసామియా, కూలీయా అని ఎవరూ చూడరు. మనసు కంటె ముందు చేయి సాంచెను ఆపుతుంది. అన్నం తినే వేళ ఎవరైనా ఎదురుగా చేయి ఎత్తితే మా బాపు ముద్ద వదలి కుడిచేయి పక్కకు చాపేవాడు, సాంచె పిడిని వెతుకుతూ. మేము పడిపడి నవ్వేవాళ్లం.

ఈ పుట్టుకను నేను ఎన్నడూ దాచలేదని అనుకునేవాణ్ణి. ఏనాడో ఒక సన్మాన పత్రంలో ఎవరో నన్ను "పండిత వంశంలో జన్మించినవారు" అని వ్రాశారు. దిద్దవలసినది. దిద్దలేదు. ఆ వాక్యం ఒక కరపత్రంనుండి ఇంకొక కరపత్రానికి పాకుతూ పోయింది. ముప్పై ఏళ్లుగా నేను వేదికల మీద ఆ వాక్యానికి చేతులు జోడిస్తూ వచ్చాను. అబద్ధం ఆడినది నేను కానని సమాధానం చెప్పుకునేవాణ్ణి.

ఉత్సవం కళాశాల మైదానంలో. సాయంత్రం అయిదున్నరకు మొదలు. ఎండ ఇంకా పసుపు పచ్చగా మైదానం మీద పరచుకొని ఉన్నది. ఇనుప కుర్చీలు కాలుతున్నాయి. నిర్వాహకులు మా వరుసకు మాత్రం తువ్వాళ్లు పరిచి ఉంచారు. జనరేటరు పక్కన నీళ్ల ప్యాకెట్ల కుప్ప. పిల్లలు, పెద్దలు, బురఖాల ఆడవాళ్లు, పొలంనుండి నేరుగా వచ్చినట్లున్న రైతులు, కలిసి అయిదారు వందల మంది ఉంటారు. నిర్వాహకుడు మైకు పట్టుకొని నన్ను పరిచయం చేశాడు. పండిత వంశంలో జన్మించినవారు, అన్నాడు. నేను లేచి చేతులు జోడించాను. నా కుడి పక్కన పట్నంనుండి వచ్చినాయన. ఎడమ పక్కన జగిత్యాల సాహిత్య మిత్రులు ముగ్గురు. నా ఉపన్యాసాలను ఏళ్ల తరబడి విన్నవారు.

మూడవ బృందంగా మావాళ్లు వేదిక ఎక్కారు. మొదటి పాటకు నేను సిద్ధపడినది సహనానికి మాత్రమే. కాని ఆ అమ్మాయి నోరు తెరవగానే నా వీపు కుర్చీనుండి విడివడింది. కరుకుదనం, తీపి ఒకే గొంతులో ఉండగా వినడం నాకు కొత్త. గిటారు మొదట గుడ్డ చింపినట్లు వినిపించినా, రెండవ పాటకు ఆ చింపుడులోని క్రమం పట్టుబడింది. ఇక మా వాడు. ఇరువైపులా కర్రలు ఆడుతుంటే అతడి ముఖం మాత్రం కదలలేదు. ఎనిమిది సాంచెల మీద ఒకేసారి చూపు నిలిపే మనిషి ముఖం అది. తాళంలో నలుసంత దోషం లేదు. జీవితమంతా ఛందస్సు చెప్పినవాడిని. గతి తప్పితే నాకు తెలుస్తుంది. పట్నంనుండి వచ్చినాయన నా వైపు వంగి, "డ్రమ్మర్ ఎవరండీ?" అని అడిగాడు. మా తమ్ముడి కొడుకు అని చెప్పవచ్చును. నేను తల మాత్రం ఊపాను.

మూడవ పాటకు ముందు ఆ అమ్మాయి మైకు దగ్గరకు జరిగి, "ఇగ ఇప్పుడు పాడేది మా సొంత పాట. మా డ్రమ్మర్ వాళ్ల తాత నడిపిన సాంచెల సప్పుడు ఇది" అన్నది. జనం ఈలలు వేశారు. ఆమె నవ్వుతూ మా వరుస వైపు చూచింది. "ఆ తాత పెద్దకొడుకు ఎవరో మీకెర్కేనా? ఈడనే ఉన్నడు. ఆయన ముచ్చట పాట అయినంక చెప్త."

కర్రలు మొదలుపెట్టాయి. నేను అరవై ఏళ్ల కింద విడిచి వచ్చిన షెడ్డు ఆ మైదానంలోకి నడిచి వచ్చింది. పోగును మోసే నాడె ఇటునుండి అటు కొట్టుకొనే దెబ్బ, దువ్వెన వంటి పన్నె వచ్చి పోగును నొక్కే మొత్తు, రెంటి మధ్య అర ఊపిరంత ఖాళీ; అన్నీ ఉన్నాయి. మా బాపు సాంచె తక్కినవాటికంటె ఒక వెంట్రుక వాసి వెనుకబడి ఆడేది. ఆ వెనుకబాటు కూడా ఉన్నది. ఎవరు చెప్పారు వీడికి? నా తమ్ముడే చెప్పి ఉంటాడు. కన్నీళ్లు రావలసిన చోటు. రాలేదు. పాట అయినంక చెప్త అన్న ఆ అమ్మాయి మాట ఒక్కటే నాలో తిరిగింది. ఎడమ పక్కన ముగ్గురు మిత్రులు. ఆ సాయంత్రమే పండిత వంశమన్న మాటకు చేతులు జోడించిన నేను. ఇంక నాలుగైదు నిమిషాలు.

నా కుడిచేయి పైకి లేచింది. అరచేయి వేదిక వైపు. అయిదు వేళ్లూ విప్పి ఉన్నాయి. దానికి అర్థం ఏమిటో ఆ మైదానంలో తెలిసినవాళ్లం ఇద్దరమే.

కర్రలు గాలిలో నిలిచిపోయాయి.

గిటారు రెండు అడుగులు ముందుకు పోయి తడబడింది. ఆ అమ్మాయి పదం సగంలో ఆగి వెనుకకు తిరిగి చూచింది. మా వాడు తన చేతులను తానే చూచుకుంటున్నాడు. మొదట నిశ్శబ్దం, పిమ్మట నవ్వులు. వెనుకనుండి ఎవడో, "కరెంటు పోయిందా అన్నా?" అని అరిచాడు. మళ్లీ మొదలుపెట్టారు, కుదరలేదు. ఇంకొకసారి మొదలుపెట్టారు. నలుగురూ ఒకరినొకరు కనిపెట్టుకుంటూ వాయించే వాయింపు ఎలా ఉంటుందో అలా ఉన్నది. వారికిచ్చిన సమయం ముగిసింది. చెప్తానన్న ముచ్చట ఆ అమ్మాయి చెప్పలేదు. నాకు కావలసినది అదే.

ఇంతటితో ఆగినా కొంత నయం. నాలుగవ బృందం దిగిన తరువాత నన్ను మాట్లాడమన్నారు. నేను లయను గూర్చి ప్రసంగించాను. లయ అనేది ఊపిరి వంటిదనీ, వేగం వేరు, నిలకడ వేరనీ, చేతికి తాళం నిలిచేదాకా వేదిక ఎక్కే తొందర తగదనీ అన్నాను. ఎవరినీ పేరు పెట్టి అనలేదు. అందరి కళ్లూ వేదిక పక్కన నిలిచి వైర్లు చుట్టుకుంటున్న ఆ నలుగురి మీదికి పోయాయి. నా మిత్రులు చప్పట్లు కొట్టారు. పట్నంనుండి వచ్చినాయన వేరే బృందాన్ని ఏరుకున్నాడు.

ఇరవై రోజుల తరువాత తమ్ముడు వచ్చాడు. కాళ్లు కడుక్కొని, మంచినీళ్లు తాగి, చాలాసేపు ఊరి సంగతులు చెప్పాడు. కొడుకు మాట నేను అడగలేదు. చివరకు వాడే ఎత్తాడు.

"డ్రమ్ములు అటక మీద వెట్టిండన్నా. వచ్చే నెల భీవండి పోతడట."

"ఏమంటున్నాడు?"

"ఏమంటడు? ఎందుకాపినవురా అని దోస్తులు ఒకటే అడుగుడు. చేతులు ఆగినయి, గంతే అంటడు. కొట్లాట అయింది. ఆ పిల్ల పాడుడు బంద్ వెట్టిందట. నేను గూడ అన్న, పెద్దబాపంత సదివినాయన మైకుల చెప్పిండు గదరా, నీ చేతుల తాళం లేదు, ఇగ పని సూస్కో అని."

నా తమ్ముడికి నా మీద కోపం లేదు. కృతజ్ఞత ఉన్నది. కొడుకు భ్రమ తొలగించినందుకు. అదే నన్ను మరునాడు బస్సు ఎక్కించింది.

సిరిసిల్లలో దిగేసరికి మధ్యాహ్నం మూడు. షెడ్డులో అడుగు పెట్టగానే ఆ చప్పుడు రొమ్ము మీద చేయి వేసి వెనుకకు నెట్టింది. మా వాడు సాంచెల నడుమ నిలబడి తెగిన పోగు ముడి వేస్తున్నాడు. నన్ను చూచి ఆశ్చర్యపోయాడు. బయటికి రమ్మని నేను పిలువవలసినది. పిలువలేదు. ఆ చప్పుడులోనే, గొంతు పెంచకుండా, ఇంట్లో మాట్లాడినట్లు, "నాయనా, ఆనాడు చేయి ఎత్తినది నేనే. తెలిసే ఎత్తాను" అన్నాను. చెప్పినట్లూ ఉంటుంది, వినబడకుండానూ ఉంటుందని లోలోపల లెక్క. షెడ్డులోని వారు చెవులతో వినరన్న సంగతి, అక్కడ పుట్టిన నాకు, ఆ క్షణాన గుర్తు రాలేదు.

అతడి చూపు నా పెదవుల మీద ఉన్నది. ముడి పూర్తి చేసి, అతడు కూడా ఏదో అన్నాడు, పెదవులతోనే. నాకు తెలియలేదు. అరవై ఏళ్లలో ఆ విద్య పోయింది. నా ముఖం చూచి గ్రహించి, పక్కవాడికి సాంచెలు అప్పగించి, నన్ను బయటికి తీసుకువచ్చాడు. ఎదురుగా చాయ్ బండి.

"లోపల నేనన్నది 'నాకు తెలుసు' అని, గంతే" అన్నాడు.

"ఎప్పటినుండి?"

"ఆగిన గడియకెల్లే. ఎవరి చెయ్యో సూడకముందే నా చేతులు ఆగినయి. నీదని సూసినంక మల్ల ఎత్తుదామంటే లేవలె."

"నీ మిత్రులకు ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పాలె? మా పెద్దబాపు గింత సదివిండు, సాంచెల షెడ్డుల పుట్టిండు అని నీ ముచ్చట మైకుల చెప్దామని నెల రోజులు రాస్కున్నదా పిల్ల. గా మనిషే మమ్ముల ఆపిండని చెప్పాల్నా?" చాయ్ గ్లాసు అంచు తుడిచి నాకు ఇచ్చాడు. "గిప్పుడు చెప్పు. ఎందుకెత్తినవే?"

చెప్పాను. సన్మాన పత్రం మొదలుకొని పక్కన కూర్చున్న మిత్రుల దాకా. అతడు రెండు మూడుసార్లు నా ముఖంలోకి చూచాడు, నేను పరిహాసం ఆడుతున్నానేమో అన్నట్లు.

"గిదా?" అన్నాడు. "నేను గిది అనుకోలే పెద్దబాపూ. చెయ్యెత్తినవంటే పోగులు తెగినయని గద. నాకంటె నీకెర్క. ఎక్కడ తెగిందా అని గిన్ని దినాలు ఎతుకుతున్న. ఫోన్ల ఆ పాట పెట్టుకోని వంద సార్లు విన్న. తాత సాంచె ఎనకవడ్డ కాడ తప్పిందా, ఆ పిల్ల అందుకున్న కాడ తప్పిందా... దొరుకుత లేదు."

నాలుగు నెలలు సాధన చేసిన పాటలో లేని దోషాన్ని అతడు వెదుకుతూ ఉన్నాడు. నా చేతి మీది నమ్మకంతో.

"ఒక్క పోగు కూడా తెగలేదు" అన్నాను. "తెగినది పాటలో కాదు."

అతడు చాయ్ పూర్తిగా తాగి గ్లాసు బండి మీద పెట్టాడు. తరువాత, "గా ముక్క కోరుట్లకొచ్చి చెప్పు. వాళ్లు గూడ ఎతుకుతున్నరు" అన్నాడు.

ఆదివారం కోరుట్లకు పోయాను. దుకాణంలో సగం ముద్రించిన పెళ్లి ఫ్లెక్సీ వేలాడుతున్నది. గిటారు వాయించే అతడు స్టూలు చూపించాడు. మెకానిక్కు గోళ్లలోని నల్లటి మడ్డి గీకుకుంటూ గోడకు ఆనుకున్నాడు. ఆ అమ్మాయి డ్యూటీనుండి నేరుగా వచ్చింది. ముగ్గురికీ, మా వాడు వింటూ ఉండగా, మొత్తం చెప్పాను. మెకానిక్కు మా వాడి వీపు మీద ఒక్కటి చరచి, "మొదలే చెప్తే ఏమాయెరా? నిన్ను గన్ని మాటలంటి" అన్నాడు. గిటారు వాయించే అతడు నాకు నీళ్లు ఇచ్చాడు. నాకు కొంత తేలికగా తోచింది. క్షమించారనుకున్నాను.

ఆ అమ్మాయి మాత్రం కదలలేదు. "సార్, ఒక మాట అడగాల్నా?"

"అడుగమ్మా."

"మా తాళం మంచిగ లేదని ఎక్కడ చెప్పిన్రు?"

"వేదిక మీద."

"ఎంత మంది ఉండె?"

"అయిదారు వందలు."

"గిప్పుడు మాది తప్పు లేదని ఎక్కడ చెప్తున్నరు?"

నేను దుకాణం చుట్టూ చూచాను. నలుగురు మనుషులు, ఒక పెళ్లి ఫ్లెక్సీ.

"మా దవాఖానల అందరు అడుగుతున్నరు సార్, మీ డ్రమ్మరుకు చెయ్యి రాదటగ అని" అన్నది. ఆమె గొంతులో కోపం లేదు. పేషెంటుకు మందు ఎన్ని పూటలు వేసుకోవాలో చెప్పే గొంతు అది.

నిర్వాహకుడికి ఫోను చేసి జరిగినది చెప్పి, పట్నం ఆయనకు తెలియజేయమన్నాను. పట్నంనుండి వచ్చినాయన పది ఊర్లకూ ఒప్పందాలు అయిపోయాయనీ, వచ్చే వేసవికి మళ్లీ చూస్తాననీ కబురు చేశాడు. సభ పెట్టి మైకు ఇమ్మని నిర్వాహకుణ్ణి అడిగాను. "ఎందుకు సార్, అందరు మర్చిపోయిన్రు" అన్నాడు. ఆ నలుగురూ మరచిపోలేదు. భీవండిలో బామ్మర్దికి మాట ఇచ్చినందున మా వాడు పోయాడు. తీసిపారెయ్యరాని మాట అది. దసరా దాకా చూసి చెప్తానన్నాడు. డ్రమ్ములు అటక దిగలేదు గాని, కర్రలు మాత్రం సంచిలో పెట్టుకొని పోయాడని తమ్ముడు చెప్పాడు.

నాకు మిగిలిన వేదిక కాగితం. నా వ్రాతలను చదివేవారు, ఆ సాయంత్రం చప్పట్లు కొట్టిన మిత్రులతో సహా, దీనిని చదువుతారు. కనుక వ్రాస్తున్నాను: నేను సిరిసిల్లలో సాంచెల కూలీకి పుట్టినవాణ్ణి. ఆ మూడవ పాటలో తాళం ఎక్కడా తప్పలేదు.

అచ్చుకు ఇచ్చే ముందు ఈ ప్రతిని ఆ అమ్మాయికి పంపాను. రెండు రోజుల తరువాత ఆమె ఫోను చేసింది.

"చదివిన సార్. అంతా మంచిగనే ఉంది. చెయ్యెత్తిన కాడ ఒక వాక్యం రాసిన్రు, వయసు మీదపడి ఆ సప్పుడుకు తట్టుకోలేక గూడ అని. గది నిజమేనా?"

నా దగ్గరి ప్రతిలో ఆ వాక్యం వెదికి పట్టుకున్నాను. ఆమె తొందరపెట్టలేదు. వెనుక ఎవరో ఆమెను వార్డులోకి పిలుస్తున్నారు.

"కాదమ్మా" అన్నాను.

"అయితే తీసెయ్యున్రి" అని ఫోను పెట్టేసింది.

తీసివేశాను.